అన్నయ్య వేలు

మార్చి 8, 2009

అన్నయ్య పిస్టల్ తెచ్చాడు. వంటింటి తువాలులో చుట్టి తెచ్చాడు. దాని పెట్టె ఎక్కడ పెట్టాడో కనపడలేదట. బెంచీ మీద పెట్టి, ట్రిగ్గర్ గట్టిపడింది చూడమన్నాడు. మొదటి గుండుకి మరీ బలంగా లాగాల్సి వస్తోందట.

ట్రిగ్గర్‌కి తూనిక తగిలించి ఎంత బరువుకి కదులుతుందో చూశాను. పద్నాలుగు వందల గ్రాములు. పన్నెండేళ్ళ కిందట నేను పెట్టిన బరువే. కొంచెం కూడా అటూ ఇటూ కాలేదు.

స్ప్రింగు పాతదయి బిగుసుకుపోయింది అన్నాను.

పాతబడితే స్ప్రింగు వదులవుతుందే గాని బిగుసుకోదు. నాకు తెలుసు. పదిహేడో ఏటి నుంచి పోటీల్లో కాలుస్తున్న మనిషి, ఇప్పుడు అరవై రెండు, తనకి తెలియదా. సరే మార్చు అని వెళ్ళిపోయాడు. కోటు బొత్తాలు పెట్టుకోకుండానే వెళ్ళాడు. బయట ఇంకా మంచు పడుతోంది.

మార్చి 10

స్ప్రింగు మార్చాను. పదకొండు వందలు.

మార్చి 29

పాత క్వారీలో మా క్లబ్బు మైదానానికి వెళ్ళాను. అన్నయ్య బాగా కాల్చాడు. వెనకటి వేగం లేదు గాని గురి తప్పలేదు. హావ్రానెక్ కూడా ఒప్పుకున్నాడు. క్లబ్బు పెద్ద అతనే, పోటీలకి రెఫరీ అతనే, ఎవరినీ ఊరికే మెచ్చుకునే రకం కాదు. అన్నయ్యకి ముప్పయ్యేళ్ళ స్నేహితుడైనా సరే.

అందరి ముందూ అన్నయ్య పిస్టల్ పైకెత్తి, ఇదంతా మా మిలాదా పనితనం అన్నాడు. యాభై అయిదేళ్ళ వయసులో చిన్నపిల్లలా సిగ్గుపడ్డాను.

నాన్న మా ఇద్దర్నీ ఈ క్వారీకి తెచ్చేవాడు. ఫ్యాక్టరీలో పనిముట్లు చేసేవాడాయన. అన్నయ్య చేతికి పిస్టల్ ఇచ్చాడు, నా చేతికి ఆకురాయి ఇచ్చాడు. నాకూ కాల్చాలని ఉండేది. ఇంటికొకరు చాలన్నాడు. తర్వాత అన్నయ్య గెలిచిన కప్పులన్నీ నేను సానపెట్టిన ట్రిగ్గర్లతో గెలిచినవే. కప్పు మీద ఒక్క పేరే చెక్కుతారు. దానికి నేనెప్పుడూ బాధపడలేదు.

ఏప్రిల్ 16

లిబుషె వదిన ఫోన్ చేసింది. అన్నయ్య చేతిలోంచి చెంచా జారిపోతోందట. చొక్కా బొత్తాలు తనే పెడుతోందట. బ్ర్నోలో పెద్దాసుపత్రికి తీసుకెళుతున్నారు. నువ్వేమైనా గమనించావా అని అడిగింది.

లేదన్నాను.

ఏప్రిల్ 30

నరాల జబ్బు. కండలు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోతాయి. మందు లేదు. రెండేళ్ళనొచ్చు, మూడనొచ్చు, తక్కువా కావచ్చు అన్నారట డాక్టర్లు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వదిన వెల్లుల్లి సూప్ చేసింది. అన్నయ్య గిన్నెని రెండు చేతులతో పట్టుకుని తాగాడు. మాటలన్నీ తనే మాట్లాడాడు.

"ముందు చేతులు పోతాయట. తర్వాత కాళ్ళు. నోరు ఆఖర్న పోతుందట. అది విని మీ వదిన భోరున ఏడ్చింది. పాపం, ముప్పయ్యేళ్ళుగా నోరే ముందు పోవాలని మొక్కుకుంటోంది."

వదిన నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత వదిన గిన్నెలు కడగడానికి లేచి చాలాసేపు కడిగింది.

సెప్టెంబరులో ద్రాక్షకోతల కప్పు పోటీ ఉంది. అది ఒక్కటి కాలుస్తాను, తర్వాత ఏదైతే అది అవుతుంది అన్నాడు. పిస్టల్ మొత్తం కొత్తగా చెయ్యమన్నాడు. పూత, పిడి, ట్రిగ్గర్, అన్నీ. లైసెన్సుకి డాక్టరు కాగితం ఈ ఏడాది చివరిదాకా ఉందట. ఆ కాగితం రాసిచ్చినప్పుడు జబ్బు సంగతి ఎవరికీ తెలియదు.

సరేనన్నాను. ఆలోచించకుండానే అన్నాను.

మే 14

పిస్టల్ విప్పి, భాగాలన్నీ నూనెగుడ్డ మీద పరిచాను. ఇలా విప్పిన ప్రతిసారీ నాకు ధైర్యం వస్తుంది. ఏ భాగం అరిగిందో కనిపిస్తుంది. అరిగినదాన్ని మార్చవచ్చు.

అన్నయ్య చేత మైనపుముద్ద పట్టించాను, పిడి ఆకారం కోసం. గట్టిగా నొక్కు అంటే నొక్కుతున్నానే అన్నాడు. పాత పిడికోసం ఇలాగే పట్టించిన ముద్ద ఇంకా బీరువాలో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. బొటనవేలి కింద కండ ఉండాల్సిన చోట ఇప్పుడు గుంట పడింది. ఆ మేరకు అక్కడ చెక్క మిగలనిస్తాను. పట్టుకున్నప్పుడు తేడా తెలియదు.

మే 22

పాత నలుపంతా తీసేశాను. ఒరకి రాసుకునే చోట్ల అది ఎప్పుడో పోయి ఉక్కు తెల్లగా కనిపిస్తోంది. నున్న చెయ్యడానికే నాలుగు రోజులు పట్టింది. పూత పట్టించే ఉప్పుల తొట్టిలో మరగబెట్టి తీసి కడిగేసరికి, దొడ్లో ప్లమ్ పండు తుడిచినప్పుడు కనిపిస్తుందే, ఆ ముదురు నీలం వచ్చింది. చుక్క మచ్చ లేదు. ఇరవై ఏళ్ళలో ఇంత మంచి పూత నా చేతిమీదుగా రాలేదు.

కాసేపు దాన్ని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ కూర్చున్నాను. అన్నయ్య జబ్బు సంగతి గుర్తు రాలేదు. ఒక గంట అయ్యాక గుర్తొచ్చింది.

జూన్ 2

తొమ్మిది వందల గ్రాములు. వాల్‌నట్ చెక్క పిడి బిగించాను. గుండ్లు నింపే మ్యాగజైన్ వదిలే మీట పెద్దది పెట్టాను, బొటనవేలు చాచనక్కర్లేకుండా. పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే తొడుగు ఉంటుంది, స్లైడు. దాని స్ప్రింగు కూడా మెత్తటిది వేశాను.

అన్నయ్య పట్టుకుని చూసి, కొత్త చెయ్యి మొలిచినట్టుంది అన్నాడు.

జూన్ 11

వదిన పొద్దున్నే వర్క్‌షాపుకి వచ్చింది. ఎప్పుడూ రాదు. నూనె వాసన పడదు తనకి. కుర్చీ తుడిచి ఇచ్చినా కూర్చోలేదు.

"ఇంక చాలు, మానెయ్ మిలాదా" అంది. "చెయ్యి పడిపోయిన కొద్దీ నువ్వు దాన్ని తేలిక చేస్తున్నావు. ఆయనేమో తన చెయ్యి బాగానే ఉందనుకుంటున్నాడు. నేను చెబితే వినడు. నువ్వు కాదంటే వింటాడు."

అన్నయ్యకి మిగిలిన సరదా అదొక్కటే అన్నాను. అది కూడా తీసేసుకుందామా అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

"మిగిలింది అదొక్కటేనని నువ్వనుకుంటున్నావు" అంది. జోరా నిండు నెలలతో ఇంట్లో ఉందని, తాత కాబోతున్నాడని, ఉయ్యాల బిగించమంటే ఆదివారం క్వారీకి వెళ్ళాలంటున్నాడని చెప్పింది. జోరా వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. పైఅంతస్తులో మొగుడితో ఉంటుంది.

వదినకి పిస్టళ్ళ గురించి ఏం తెలుసు. వెళ్ళాక సాయంత్రం దాకా పని చేశాను.

జూలై 19

జోరాకి ఆడపిల్ల. అపొలేనా అని పేరు పెట్టారు. అన్నయ్య ఎత్తుకున్నాడు. మోచేతుల మీద పెట్టుకుని, గడ్డం ఆనించి, గంటసేపు కిందకి దించలేదు. అందరం తిట్టాం. పాలకి ఏడ్చేదాకా ఇవ్వలేదు.

ఆగస్టు 9

ఏడు వందలు. ఇంకా బరువుగా ఉందన్నాడు.

ఇవాళ నా ముందే స్లైడు లాగబోయి లాగలేకపోయాడు. పిస్టల్ని బల్ల అంచుకి ఆనించి, ఒంటి బరువు వేసి లాగాడు. ముఖం తిప్పుకున్నాను, ఆకురాయి వెతుకుతున్నట్టు. చేతి మీద చర్మం కింద కండలు వాటంతటవే ఎగురుతున్నాయి, వానచినుకులకి నీళ్ళు అదిరినట్టు. అవి ఆగవట. నిద్రలో కూడా ఆగవని వదిన చెప్పింది.

నాన్న ఉంటే ఏడు వందల కిందకి వెళ్ళనిచ్చేవాడు కాదు. నాన్న కాలం వేరు, అప్పటి ఉక్కు వేరు.

ఆగస్టు 21

అయిదు వందల యాభై. ఇంత తేలిక నేనెవరికీ చెయ్యలేదు. క్లబ్బులో ఇంకెవరడిగినా తన్ని తరిమేసేదాన్ని.

గుండుని కొట్టి పేల్చే సుత్తిని పట్టి ఉంచే చిన్న కొక్కెం ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కితే వదిలేది. దాని అంచు ఇప్పుడు వెంట్రుకంత ఆనుతోంది. అంతే. అయినా పట్టి ఉంచుతోంది. భూతద్దంలో చూశాను. అంచు శుభ్రంగా ఉంది.

ఆగస్టు 27

పరీక్షించాను. ఖాళీ పిస్టల్ స్లైడు వెనక్కి లాగి వదిలేస్తే దడాల్న ముందుకొచ్చి కొడుతుంది. ఆ దెబ్బకి సుత్తి కదలకుండా నిలబడాలి. నిలబడకపోతే ఎవరూ ట్రిగ్గర్ ముట్టుకోకుండానే గుండు పేలుతుంది.

యాభై సార్లు చేశాను. ఏమీ కాలేదు.

సెప్టెంబరు 5

అన్నయ్య తీసుకెళ్ళాడు. రెండు చెంపల మీదా ముద్దు పెట్టాడు. నీలాంటి చెల్లెలు ఎవరికీ ఉండదు అన్నాడు.

సెప్టెంబరు 12

ఇవాళ పోటీ.

సెప్టెంబరు 13

రాయడానికేమీ లేదు.

సెప్టెంబరు 14

అన్నయ్య మొదటి వరస బాగా కాల్చాడు. అది రాయాలి. నిలబడడానికే ఆయాసపడుతున్న మనిషి, ఎనిమిది గురుల్లో ఏడు కొట్టాడు. కొత్త ద్రాక్షరసం గ్లాసులు పట్టుకుని నిలబడ్డవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. వదిన కూడా వచ్చింది, దూరంగా కారు పక్కన నిలబడింది.

రెండో వరసలో మ్యాగజైన్ మార్చాడు. స్లైడు ముందుకు పడింది, వెంటనే పేలింది. గుండు హావ్రానెక్ కాళ్ళ ముందు రాతి మీద తగిలింది. ఒక రాతిముక్క ఎగిరి అతని పిక్కలో దిగింది. పంట్లాం మీద నెత్తురు కనిపించింది. రెండు కుట్లు పడ్డాయి.

హావ్రానెక్ అరవలేదు. ఆపు, ఖాళీ చెయ్యి, చూపించు అని మామూలుగా చెప్పాల్సినవన్నీ వరసగా చెప్పాడు. అన్నయ్య వరసగా చేశాడు. తర్వాత హావ్రానెక్, "ఒటాకర్, నువ్వు పోటీలో లేవు" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నెత్తురు కారే కాలికంటే అదే ఎక్కువ నొప్పిగా ఉన్నట్టుంది అతని ముఖం.

"నా వేలే" అన్నాడు అన్నయ్య. "దానంతటదే ఎగిరిపడి ఉంటుంది. నాకు తెలియను కూడా తెలియలేదు."

పిస్టల్ ఇలా ఇవ్వు, ఒకసారి చూస్తాను అన్నాడు హావ్రానెక్. నేను జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటి వెళ్ళి, నేను చూస్తానులే అని తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఇక్కడ పిస్టళ్ళు చూసేది నేనే కదా.

తిరిగొచ్చేటప్పుడు అన్నయ్య నన్నే కారు నడపమన్నాడు. వదిన వెనక కూర్చుంది. చాలా దూరం వచ్చాక, ఇంకో అడుగు అటు అయితే వాణ్ణి చంపేసేవాణ్ణి అన్నాడు. ఎవరికైనా జరగవచ్చు అన్నాను. నాకెప్పుడూ జరగలేదు అన్నాడు.

సెప్టెంబరు 16

కొక్కెం మార్చాను. కొత్తది వేసి పద్నాలుగు వందలకి పెట్టాను. ఇప్పుడు భద్రంగా ఉంది. పాతది సొరుగులో పడేశాను.

సెప్టెంబరు 23

అన్నయ్య లైసెన్సు తనే వెళ్ళి పోలీసులకి ఇచ్చేశాడట. ఎలాగూ డిసెంబరులో పోయేదే.

సెప్టెంబరు 30

ఫోన్ చేస్తే వదిన ఎత్తింది. నిద్రపోతున్నాడంది. పొద్దున పదింటికి.

అక్టోబరు 7

వర్క్‌షాపులో పని ఎక్కువ ఉంది. వేటల కాలం కదా. వాళ్ళింటికి వెళ్ళడం కుదరలేదు.

అక్టోబరు 18

వెళ్ళాను. అన్నయ్య కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. మోచేతి పైభాగంలో ఇంకా బలం ఉంది, కాఫీ కప్పుని మణికట్ల మధ్య పెట్టుకుని ఎత్తగలుగుతున్నాడు. మాట కొంచెం ముద్దగా వస్తోంది. నవ్వించబోయాను. నవ్వాడు గాని నా కోసం.

జోరా కిందకి దిగి, కూర కలుపుకోవాలి, పాపని కాసేపు పట్టుకో నాన్నా అంది. అన్నయ్య చేతులు వెనక్కి తీసుకుని ఒంటి కింద దాచుకున్నాడు. చిన్నపిల్లలు దొంగిలించిన మిఠాయి దాచుకున్నట్టు. "మిలాదాకివ్వు" అన్నాడు.

నేను ఎత్తుకున్నాను. మూడు నెలల పిల్ల, నా వేలు పట్టుకుని లాగింది. అన్నయ్య చూస్తూ కూర్చున్నాడు.

వదిన నన్ను గేటుదాకా సాగనంపింది. పోటీ రోజు నుంచి ఆయన పాపని ముట్టుకోలేదు, ఒడిలో పెట్టినా తీసెయ్యమని గొడవ చేస్తున్నాడు అని చెప్పింది. "ఈ చేతులు ఎప్పుడేం చేస్తాయో నాకే తెలియదు, హావ్రానెక్‌కి చేసింది చూశావు కదా అంటాడు. కుర్చీ చుట్టూ దిండ్లు పెడతాను, పక్కనే ఉంటాను అన్నా వద్దంటాడు. చేతుల్లో సత్తువ ఇంకా ఉంది మిలాదా. ఇంకెన్నాళ్ళుంటుంది."

నన్ను తప్పుపట్టలేదు. జూన్‌లో వచ్చి చెప్పిన మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

అక్టోబరు 19

ఒకవేళ వేలే అయివుండవచ్చు. కండలు అలా ఎగురుతుంటే ఏదీ చెప్పలేం. నేను కళ్ళతో చూడలేదు. దూరంగా ఉన్నాను.

అక్టోబరు 20

వేలు ట్రిగ్గర్ మీద లేదు. నేను చూశాను. మ్యాగజైన్ మార్చేటప్పుడు ఎప్పటిలాగే వేలు నిటారుగా చాచి, పక్కన ఆనించి ఉంచాడు. నలభై అయిదేళ్ళ అలవాటు. స్లైడు ముందుకు పడింది, పేలింది. వేలు కదల్లేదు. నేను ఆ వేలినే చూస్తున్నాను, ఎందుకంటే ఆ రోజంతా నేను ఆ వేలినే చూస్తున్నాను.

అక్టోబరు 22

ఆగస్టు 27న ఇందులో రాసింది అబద్ధం.

యాభై సార్లు చెయ్యలేదు. నలభై మూడోసారి సుత్తి జారింది. టక్కుమని చిన్న చప్పుడు. ఖాళీ పిస్టల్ కాబట్టి అంతే. అక్కడితో ఆపేసి, పైకెళ్ళి కాఫీ పెట్టుకున్నాను. తాగి వచ్చి అంచు మీద సానరాయి రెండుసార్లు ఆడించి, ఇప్పుడు సరిపోయింది అనుకున్నాను. మళ్ళీ పరీక్షించలేదు. పరీక్షిస్తే జారుతుందని తెలుసు.

నా ఒక్కదానికోసం రాసుకునే పుస్తకంలో నాకే అబద్ధం రాసుకున్నాను.

ఎందుకు. ఇంతకంటే తేలిక చెయ్యడం నా వల్ల కాదు అన్నయ్యా అని చెప్పాలి. ఆ మాట నేను ఎప్పుడూ అనలేదు. అలా అంటే పిస్టల్ బాగానే ఉందని ఒప్పుకున్నట్టు. పిస్టల్ బాగానే ఉంటే బాగా లేనిది అన్నయ్యే. అది తనతో నా నోటితో చెప్పాలి. ఇదొక కారణం. రెండోది, ఇంకెవరూ చెయ్యలేనిది నేను చేశానని హావ్రానెక్ లాంటివాళ్ళు చూడాలి. రెండోదే పెద్దది అనుకుంటాను.

అక్టోబరు 25

చర్చి నుంచి వచ్చేటప్పుడు వాళ్ళ వీధి మలుపుదాకా వెళ్ళాను. వెనక్కొచ్చేశాను.

అక్టోబరు 28

చెప్తే ఏం లాభం. జబ్బు తగ్గుతుందా. ఉన్న ఒక్క చెల్లెలూ పోతుంది అన్నయ్యకి. చెప్పకపోవడమే తనకి మంచిది.

అక్టోబరు 29

చెప్పకపోవడం నాకు మంచిది.

అక్టోబరు 30

వెళ్ళాను. సొరుగులోంచి ఆ కొక్కెం తీసి రుమాల్లో కట్టుకున్నాను. భూతద్దం కూడా తీసుకున్నాను. గుమ్మంలో బూట్లు విప్పి లోపలికి వెళ్ళాను.

వదిన బఠాణీలు వొలుస్తోంది. వదినా నువ్వూ ఉండు అన్నాను.

కొక్కెం బల్ల మీద పెట్టాను. అన్నయ్య తీసుకోబోయాడు, వేళ్ళు పట్టుకోలేదు. అరచేతిలో పెట్టాను. భూతద్దం పట్టుకున్నాను. చాలాసేపు చూశాడు. అన్నయ్యకి వివరించి చెప్పాల్సింది ఏమీ లేదు. అరిగి గుండ్రబడ్డ అంచు ఏం చేస్తుందో నాన్న మా ఇద్దరికీ ఒకే రోజు చూపించాడు.

"పోటీ రోజున ఉన్నది ఇదేనా?"

"ఇదే. నీ వేలు కాదన్నయ్యా. నీ వేలు బయటే ఉంది. నేను చూశాను."

"పరీక్షించలేదా?"

"పరీక్షించాను. నలభై మూడోసారి జారింది."

"ఎప్పుడు?"

"పోటీకి పదహారు రోజుల ముందు."

వదిన చేతిలో పని ఆపింది. అన్నయ్య ఇంకా కొక్కెం వైపే చూస్తున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. మాట ముద్దగా వస్తోంది కాబట్టి ఒక్కో ముక్కా విడివిడిగా అన్నాడు.

"నాకు చెప్పి ఉంటే నేనలాగే కాల్చేవాణ్ణేమో. తెలిసి కాల్చేవాణ్ణి. హావ్రానెక్ నా ఎదురుగా ఉన్నాడు మిలాదా. నువ్వు నాకు తాడు వెనక నిలబడి చప్పట్లు కొట్టావు."

అవునన్నాను.

"వెళ్ళు" అన్నాడు.

గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటున్నాను. తాళ్ళు ముడిపడ్డం లేదు. లోపల్నుంచి అన్నయ్య గొంతు వినిపించింది, వదినతో అంటున్నాడు.

"లిబుషె, పాపని ఇలా తీసుకురా."

వదిన మెట్లెక్కుతున్న చప్పుడు విని బయటికొచ్చేశాను.

అక్టోబరు 31

క్లబ్బుకి ఉత్తరం రాశాను. ఏం జరిగిందో అంతా, తేదీలతో సహా. సంతకం పెట్టి నేనే తీసుకెళ్ళి హావ్రానెక్ ఇంట్లో ఇచ్చాను. అతను నా ముందే నిలబడి చదివాడు.

నా కాలు సంగతి వదిలెయ్ అన్నాడు. అది మానిపోయింది అన్నాడు. నీ పనితనం నమ్మి, ముప్పయ్యేళ్ళ స్నేహితుణ్ణి అందరి ముందూ నా నోటితో బయటికి పంపాను అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, లోపలికి రమ్మనకుండా తలుపు వేశాడు.

నవంబరు 7

క్లబ్బు సమావేశంలో ఉత్తరం చదివారట. పోటీ పుస్తకంలో అన్నయ్య పేరు పక్కన అతని తప్పు అని రాసిన మాట కొట్టేసి, పిస్టల్ లోపం అని రాశారు. సభ్యులెవరూ ఇకమీద నా దగ్గర పని చేయించకూడదని కూడా తీర్మానించారు. రెండూ న్యాయమే.

తర్వాత పదిమంది కలిసి అన్నయ్య ఇంటికి వెళ్ళారట. అన్నయ్య పాపని ఒడిలో పెట్టుకుని అందరితో మాట్లాడాడు అని వదిన చెప్పింది. ఫోన్ చేసింది వదినే. నా గురించి ఏమైనా అన్నాడా అని అడగలేదు. తనూ చెప్పలేదు.

నవంబరు 15

అపొలేనా జ్ఞానస్నానం, చర్చిలో. వదిన రమ్మంది. అన్నయ్య పిలవలేదు. ఆఖరి బల్ల మీద కూర్చున్నాను.

అన్నయ్యని చక్రాల కుర్చీలో తెచ్చారు. ఒడిలో దిండు, దిండు మీద రెండు చేతులు, చేతుల్లో పాప. నీళ్ళు పొయ్యడానికి పాపని జ్ఞానమాతగా నిలబడ్డావిడకి ఇమ్మని ఫాదరు అడిగాడు. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. ఫాదరు కాసేపు చూసి, నీళ్ళగిన్నె పట్టుకుని తనే కుర్చీ దగ్గరికి వచ్చి వంగాడు. నీళ్ళు పడితే పాప ఏడ్చింది. అన్నయ్య చేతులు వణికాయి గాని వదల్లేదు.

బయటికి వచ్చేటప్పుడు నా బల్ల పక్కన కుర్చీ ఆపమన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"నలభై ఎనిమిది రోజులు" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నువ్వు చెప్పడానికి పట్టింది. అన్ని రోజులూ ఈ పిల్లని నేను ముట్టుకోలేదు. చేతులు అప్పుడు ఇంకా బాగా ఉండేవి."

క్షమించమని అడగాలనుకుని వెళ్ళాను. అడగలేకపోయాను. అడిగితే అది కూడా తననే ఏదో ఇమ్మన్నట్టు అవుతుందనిపించింది. నిజమే అన్నయ్యా అన్నాను. వదిన కుర్చీ తోసుకుంటూ వెళ్ళింది.

ఇంటికొచ్చి క్యాలెండరు ముందు నిలబడి లెక్కపెట్టాను. సరిగ్గా నలభై ఎనిమిది.

నవంబరు 24

వర్క్‌షాపు బోర్డు తీసేశాను. పోలీసులకి నా పని లైసెన్సు తిరిగి ఇచ్చేశాను. నన్నెవరూ అడగలేదు. బెంచీ ముందు కూర్చుంటే చేతులు ఆకురాయి కోసం వెతుకుతున్నాయి. ఇకమీద ఏం చేస్తానో తెలియదు. తాళాలు బాగుచెయ్యడం వచ్చు. కుట్టుమిషన్లు కూడా.

డిసెంబరు 3

వదిన ఫోన్ చేసింది. పొద్దున అన్నయ్య చేతులు ఎత్తబోతే లేవలేదట. రెండూ. నిన్న సాయంత్రం దాకా పాపని ఎత్తుకున్నాడు, ఇవాళ లేవలేదు. డాక్టరు వచ్చి చూశాడు. ఇక తిరిగి రావన్నాడు.

ఏడుస్తున్నాడా అని అడిగాను. లేదు, పాపని గుండె మీద పడుకోబెట్టించుకున్నాడు, జోరా పట్టుకుని ఉంది, ఇద్దరూ నిద్రపోతున్నారు అంది.

నేను చెప్పిన రోజు నుంచి ఇవాళ్టికి ముప్పయి నాలుగు రోజులు.

ఆదివారం భోజనానికి రా అంది వదిన. ఆయనకి తినిపించాలి ఇక, నా ఒక్కదాని వల్ల కాదు, జోరాకి పాపతోనే సరిపోతుంది అంది.

అన్నయ్య రమ్మన్నాడా అని అడిగాను.

"రమ్మనలేదు" అంది. "నువ్వొస్తావని చెప్పాను. వద్దనలేదు."

ఆదివారం వెళుతున్నాను.